అంతర్జాలంలో తెలుగు అక్షరం

తెలుగు ప్రచురణ రంగానికి విజయవాడ చిరకాలంగా కేంద్రం. ఏలూరు రోడ్డులోని పుస్తక విక్రయశాలలు, 1989లో మొదలైన పుస్తక మహోత్సవం ఇందుకు నిదర్శనాలు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా పేర్చే కంపోజిటర్ల స్థానాన్ని కాలక్రమంలో డి.టి.పి. కేంద్రాలు ఆక్రమించాయి. పేజ్‌మేకర్, అను ఫాంట్లు అక్కడ నిత్యవ్యవహారంలోని మాటలయ్యాయి. కాగితం మీద ఆ అక్షరాలు ముచ్చటగా ఉండేవి. అదే పాఠాన్ని వెబ్ పేజీలోకి ఎక్కిస్తే మాత్రం తెర మీద తెలుగుకు బదులు పొంతనలేని ఇంగ్లీషు అక్షరాలు, విచిత్రమైన గుర్తులు ప్రత్యక్షమయ్యేవి.

కారణం సులభగ్రాహ్యమే. కంప్యూటరు అక్షరాలను సంఖ్యల రూపంలో భద్రపరుస్తుంది. పాతకాలపు తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యల మీదనే తెలుగు అక్షరభాగాల బొమ్మలను కూర్చాయి. కంప్యూటరు దృష్టిలో అది తెలుగు కాదు, తెలుగు వేషం ధరించిన ఇంగ్లీషు. ఆ ఫాంటు లేనిచోట వేషం తొలగిపోతుంది. ముద్రణలో ఇది లోపంగా కనిపించలేదు, పాఠకునికి చేరేది కాగితం కనుక. వెబ్ పేజీ స్వభావం వేరు. సర్వరు నుండి పాఠకుని బ్రౌజరుకు చేరేవి సంఖ్యలు. పంపినవారూ అందుకున్నవారూ ఆ సంఖ్యలకు ఒకే అర్థం చెప్పుకోవాలి.

ఆ ఉమ్మడి అర్థాన్ని సమకూర్చినది యూనికోడ్. 1991లో వెలువడిన దాని తొలి ప్రమాణంలోనే తెలుగుకు 128 స్థానాల విభాగం లభించింది. అందులో 'క' సంఖ్య 3093. ఈ సంఖ్యలను బైట్లుగా మార్చే పద్ధతులలో నేడు అంతర్జాలమంతటా వ్యాపించినది యూటీఎఫ్-8. దానిని కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో, బల్ల మీద పరచిన కాగితంపై రూపొందించారని ప్రసిద్ధి. మహత్తరమైన పనులన్నీ ప్రయోగశాలలలోనే జరగాలని నియమమేమీ లేదు!

'కృష్ణ' అనే పదాన్ని పరిశీలిస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. కంటికి కనిపించేవి రెండక్షరాలు. యూనికోడ్‌లో మాత్రం అయిదు సంకేతాలు: క, వట్రుసుడి, ష, పొల్లు, ణ. ఒక్కొక్క తెలుగు సంకేతానికి యూటీఎఫ్-8లో మూడు బైట్లు కావాలి కనుక ఈ చిన్న పదం పదిహేను బైట్లను ఆక్రమిస్తుంది. షకారం కింద ణకారపు ఒత్తును చేర్చి చూపేది బ్రౌజరు. అందుకు వలసిన సూత్రాలు ఫాంటులోనే ఉంటాయి.

ఈ లెక్క తెలియని డెవలపరు చేతిలో తెలుగుకు తిప్పలు తప్పవు. శీర్షిక పొడవైనప్పుడు దానిని కొన్ని సంకేతాల వద్ద కత్తిరించడం వెబ్ రూపకల్పనలో పరిపాటి. నాలుగో సంకేతం వద్ద కోత పడితే కృష్ణ కాస్తా 'కృష్' అవుతుంది. బైట్ల మధ్య కోత పడితే ఆ స్థానంలో నల్లని పలకలో ప్రశ్నార్థకం కనిపిస్తుంది. అక్షరాల హద్దులను గుర్తించి విడదీసే సదుపాయం ఆధునిక బ్రౌజర్ల జావాస్క్రిప్ట్‌లో ఉంది. అది ఉన్నదని తెలియడమే ముఖ్యం. అలాగే ఫైలును భద్రపరచేటప్పుడు, డేటాబేసులో, పేజీ శీర్షభాగంలో, ఈ మూడు చోట్లా యూటీఎఫ్-8 అని నిర్దేశించడం తొలి అలవాటు కావాలి. ఏ ఒక్కచోట పొరపాటు జరిగినా విలువైన పాఠం ప్రశ్నార్థకాల వరుసగా మారవచ్చు.

తరువాతిది వరుసల మధ్య ఎడం. ఇంగ్లీషు కోసం నిర్ణయించిన ఎడంలో తెలుగును కూర్చితే పై వరుసలోని ఒత్తు కింది వరుసలోని గుడిని తాకుతుంది. అనుభవజ్ఞులు తమ పేజీని 'స్త్రీ', 'రాష్ట్రం' వంటి పదాలతో పరీక్షిస్తారు. ఆ పదాలు ఇమిడితే తక్కినవి ఇబ్బంది పెట్టవు. పాఠకుని యంత్రంలో తగిన ఫాంటు లేకపోయినా నేడు పేజీతోపాటు ఫాంటునూ పంపవచ్చు. సిలికానాంధ్ర స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసిన ఫాంట్లు ఇందుకు ఎంతో ఉపకరించాయి. వాటిలో 'మండలి', 'ఎన్టీఆర్' పేర్లు కృష్ణాతీరవాసులకు సుపరిచితాలు. అయితే ఒత్తులు, గుణింతాల కారణంగా తెలుగు ఫాంటు ఫైలు పెద్దది. ఒకే పేజీలో నాలుగైదు ఫాంట్లను కూర్చితే సిగ్నలు బలహీనంగా ఉన్న పల్లెలో ఆ పేజీ తెరుచుకోవడానికి ఎంతో సమయం పడుతుంది.

ఈ చిక్కులన్నీ ఎందుకని పాఠాన్ని బొమ్మగా మార్చి పెట్టేవారు ఉన్నారు. చూడటానికి అది చక్కని ఉపాయం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలమందిని బలిగొన్నది. ఆ తీరానికి సంబంధించిన తుపాను హెచ్చరికను బొమ్మగా పెట్టారని భావించండి. 'నాగాయలంక' అని వెదికినవారికి అది దొరకకపోవచ్చు. అంధుల కోసం పేజీని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకు బొమ్మలోని అక్షరాలు సాధారణంగా అందవు. ఒక ఊరి పేరును మాత్రమే తీసి బంధువుకు పంపడానికీ వీలుండదు. అక్షరాలుగా పెట్టి, భాష తెలుగని పేజీలో సూచిస్తే ఇవన్నీ సాధ్యమవుతాయి. అదనంగా రాయవలసినది ఒక్క చిన్న గుర్తు!

ఇక పాత ఫైళ్ళ సంగతి. వేషం ధరించిన తెలుగును యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు క్రమంగా వచ్చాయి. తెలుగు వికీపీడియాకు 2003లో శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జున రూపొందించిన 'పద్మ' వాటిలో ప్రసిద్ధమైనది. ఇంగ్లీషు మీటలతోనే తెలుగు రాయడానికి వీవెన్ రూపొందించిన 'లేఖిని' తోడ్పడింది. మార్పిడి క్షణాలలో ముగిసినా పని అంతటితో పూర్తికాదు. ఒక్కొక్కసారి ఒత్తు పక్క అక్షరానికి చేరుతుంది, సున్న జారిపోతుంది. అందువల్ల మార్చిన పాఠాన్ని మూలంతో సరిపోల్చి పంక్తి పంక్తి చదివేవారు కావాలి. ఒకనాడు అచ్చాఫీసులో గాలీ ప్రూఫుల మీద ఎర్రసిరాతో గీతలు గీసిన ప్రూఫ్ రీడరు చేసిన పని అదే. నేడు ఆ పని తెర మీద జరుగుతున్నది.