నిజం.. నిలకడ మీదే!

వార్త ముందు ఫోన్లో మోగుతోంది. తెల్లారాక పేపర్లో వస్తోంది. ఈ రెంటి మధ్యా ఉన్న కొన్ని గంటల్లోనే అసలు కథంతా ఉంది.

'ఇంకా పేపరు చదవడమేంటి తాతయ్యా, ఇవన్నీ రాత్రే వచ్చేశాయిగా!' అంటాడు మనవడు ఫోన్లోంచి తలెత్తకుండానే. 'వచ్చినవన్నీ నిజాలేనేంట్రా?' అంటారాయన కళ్లజోడు సవరించుకుంటూ. 'ఆ జిల్లా పేజీలు ఇటివ్వండి మామయ్యా, ఇవాళ కరెంటు ఎప్పుడు తీస్తారో చూడాలి' అని వంటింట్లోంచి కోడలు. కాస్త అటూ ఇటూగా చాలా ఇళ్లలో పొద్దున్నే వినిపించే మాటలే ఇవి. ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది.

రేపటి పేపరు.. ఇవాళే!

ముందు మనవడి పక్షం విందాం. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్‌ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న. ఆ ఏడాదే 'ది హిందూ' నెట్‌లోకి అడుగుపెట్టింది. తర్వాత తెలుగు పత్రికలూ అదే బాట పట్టాయి. కానీ మొదట్లో వాటిని చదవడం ఓ ప్రహసనం. ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు. దాన్ని దించుకుని కంప్యూటర్లో పెట్టుకోకపోతే తెరమీద అక్షరాలకు బదులు పిచ్చిగీతలు కనిపించేవి. యూనికోడ్‌ వాడకం పెరిగాకే ఆ తిప్పలు తీరాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా ధరలు దిగొచ్చి, ఫోన్లో వార్తలు చూడటం పల్లెల్లోనూ మామూలైపోయింది.

దానివల్ల జరిగిన మేలు తక్కువేం కాదు. ఒకప్పుడు పదో తరగతి ఫలితాలొచ్చాయంటే హాల్‌టికెట్‌ నంబర్లు అచ్చయిన పేపరు కోసం బస్టాండు దగ్గర ఎగబడేవాళ్లు. ఇప్పుడు ఇంట్లో కూర్చునే మార్కులతో సహా చూసుకుంటున్నారు. మార్కెట్‌ యార్డులో మిర్చి ధర ఎంత పలికిందో రైతుకి సాయంత్రానికే తెలుస్తోంది. ఇక, డాలస్‌లో ఉన్న తెలుగువాళ్ల సంగతి మరీ తమాషా. ఇక్కడ తెల్లవారుజామున అయిదైతే అక్కడింకా ముందురోజు సాయంత్రమే. అంటే, సొంత జిల్లా ఈ-పేపర్ని ఆఫీసు నుంచి ఇంటికొచ్చి కాఫీ తాగుతూ 'రేపటి పేపరు ఇవాళే' చదివేస్తారన్నమాట!

ఊరూ పేరూ లేని కబురు

మరి తాతయ్య భయమో? అదీ నిజమే. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో కబుర్లు గుప్పుమన్నాయి. ఆ ఏడాది జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో, ఆ అనుమానంతోనే అయిదుగురు అమాయకుల్ని జనం కొట్టి చంపారు. మన దగ్గరా అవే వదంతులు షికారు చేశాయి. గద్వాల ప్రాంతంలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊరూరా పంపి, జానపద బాణీల్లో పాటలు పాడించి మరీ 'నమ్మకండి' అని చెప్పించాల్సి వచ్చింది. ఆ నెల్లోనే వాట్సాప్‌ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి అయిదుగురికి మించి పంపకుండా కట్టడి చేసింది. 2020 ఏప్రిల్లో, కరోనా కబుర్లు ముంచెత్తాక, పదేపదే చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కరికే పంపేలా మార్చింది.

పేపరు చివర చిన్న అక్షరాల్లో ఉండే రెండు మూడు లైన్లు ఎప్పుడైనా చదివారా? ముద్రించిందెవరు, ప్రచురించిందెవరు, ఎక్కడ, సంపాదకుడెవరు.. అన్నీ ఉంటాయందులో. ఆ పద్ధతి 1867 నాటి చట్టంతో వచ్చింది. దాని స్థానంలో తెచ్చిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. తప్పు రాస్తే ఎవర్ని నిలదీయాలో ఆ లైన్లే చెబుతాయి. కావాలంటే ప్రెస్‌ కౌన్సిల్‌కి వెళ్లొచ్చు, కోర్టుకీ ఎక్కొచ్చు. పొద్దున్నే 'గుడ్‌ మార్నింగ్‌'తో పాటు వచ్చిపడే ఫార్వర్డ్‌కి అలాంటి చిరునామా ఏదీ?

అలాగని పేపర్లన్నీ సత్యహరిశ్చంద్రులనీ అనలేం. 2009 ఎన్నికల్లో డబ్బులు తీసుకుని ప్రచారాన్ని వార్తల్లా వేశారన్న ఆరోపణల మీద సాక్షాత్తూ ప్రెస్‌ కౌన్సిల్‌ ఉపసంఘమే విచారణ జరిపింది. పాఠకుడు పేపర్నీ ప్రశ్నించాల్సిందే. కాకపోతే ప్రశ్నించడానికి ఎదురుగా ఓ మనిషి ఉన్నాడు.

జిల్లా పేజీ ఎవరిది?

ఇక కోడలి మాట. ఆమెకు కావాల్సింది ఢిల్లీ కబురు కాదు, తమ వీధి సంగతి. తెలుగునాట జిల్లాకో చిన్న పేపరు ఇచ్చే ఒరవడి 1989లో 'ఈనాడు'తో మొదలైంది. 2008లో 'సాక్షి' ఏకంగా 23 ఎడిషన్లతో వచ్చింది. ఊళ్లో చెడిపోయిన బోరు, పంతులు లేని బడి, మందుల్లేని ఆసుపత్రి పేపరెక్కింది వాటివల్లే.

అలాంటి వార్తలు ఏం చేయగలవో నెల్లూరు జిల్లా దూబగుంట చెబుతుంది. అక్షరాస్యత ఉద్యమంలో పాఠాలు నేర్చిన అక్కడి మహిళలు 1992లో సారా మీద తిరగబడ్డారు. పత్రికలు ఆ పోరాటాన్ని రోజుల తరబడి రాశాయి. ఓ ఊరి మాట పక్క ఊరికి, పక్క జిల్లాకి పాకింది. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

కానీ ఈ వార్తలకు ఖర్చుంది. మనం ఇచ్చే డబ్బులు పేపరు తయారీ ఖర్చుకి సరిపోవు. మిగతా భారమంతా ప్రకటనలదే. ఇల్లు అద్దెకిచ్చేవారూ, సంబంధాలు వెతికేవారూ, ఉద్యోగాలిచ్చేవారూ ఫోన్లోకి మారిపోతే ఆ ఆదాయం తగ్గింది. 2020 లాక్‌డౌన్లో పేపరు ముట్టుకోవడానికే భయపడి చాలామంది మాన్పించేశారు. 2022లో న్యూస్‌ప్రింట్‌ ధర చుక్కలు చూపించింది. పేజీలు తగ్గాయి. ఇలాంటప్పుడు ముందుగా కోత పడేది మండలాల్లో తిరిగే విలేకరులకే. సినిమా కబుర్లు, క్రికెట్‌ స్కోర్లు ఎక్కడైనా ఉచితంగా దొరుకుతాయి. మీ ఊరి చెరువు కబ్జా అయితే రాయడానికి మాత్రం అక్కడిదాకా ఒకరు వెళ్లాలి, తహసీల్దారుని అడగాలి, రెండో పక్షం మాటా వినాలి. అందుకు సమయమూ జీతమూ రెండూ కావాలి.

చేతిలో పనే!

పేపరా, ఫోనా అని పోట్లాడుకోనక్కర్లేదు. ఫోన్లో చూసినా, అది ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే చాలు. సందేశం పైన రెండు బాణాల గుర్తుందంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. ఫొటో పాతది కావచ్చు, వరద మరో రాష్ట్రానిది కావచ్చు. తేదీ, ఊరు, చెప్పినవారి పేరు.. ఈ మూడూ ఉన్నాయా లేవా వెతకండి.

ఈ ఆదివారం ఇంటిల్లిపాదీ కలిసి ఓ చిన్న పని చేయొచ్చు. కుటుంబ గ్రూపులోకి చివరిగా వచ్చిన పది ఫార్వర్డ్‌లు తెరవండి. వాటిలో ఆ మూడూ ఉన్నవెన్నో పిల్లల చేత లెక్కపెట్టించండి. లేనివాటిని అక్కడితోనే ఆపేయండి. నిజమే అయితే ఎలాగూ నిలకడ మీద తెలుస్తుంది!