మందారం ఆకుకి ఈ బంక ఎక్కడిది?

మందార ఆకు ముట్టుకుంటే వేళ్ళకి జిగురంటుతోందా? కుండీ పక్కన గచ్చు మీద చెప్పులు అతుక్కుంటున్నాయా? కాండం పొడుగునా చీమలు బారులు తీరి ఎక్కుతూ దిగుతూ ఉన్నాయా? కొన్నాళ్ళకి అదే ఆకు మీద పొయ్యి మసి రాసినట్టు నల్లటి పొర పేరుకుంటుంది. అప్పటిగ్గానీ చాలామందికి మొక్క సంగతి పట్టదు. "దిష్టి తగిలిందమ్మా" అని ఒకరూ, "నీళ్ళెక్కువయ్యాయి" అని ఒకరూ, "పీకి పారెయ్" అని ఇంకొకరూ సలహా చెబుతారు.

నిజానికి ఆ జిగురు ఆకులోంచి ఊరింది కాదు. ఆకుల అడుగున, చిగుళ్ళలో చేరిన సన్నటి పురుగులు విసర్జించింది. మొక్క రసంలో చక్కెర ఎక్కువ, మాంసకృత్తులు బహు తక్కువ. ఆ కాస్త మాంసకృత్తుల కోసం పురుగులు రసాన్ని అదేపనిగా పీల్చి, మిగిలిన తీపినీళ్ళని బయటికి వదిలేస్తాయి. మామిడితోటల ఊళ్ళవాళ్ళకి ఇది కొత్త కాదు. పూత మీద పడే పురుగుని వాళ్ళు తేనెమంచు పురుగు అనే అంటారు. నల్లటి మసి కూడా ఆ తీపి మీద పెరిగే బూజే. అది ఆకు లోపలికి పోదు, పైపైనే ఉంటుంది. కాకపోతే ఎండ తగలనివ్వదు.

కాబట్టి ముందు ఆకు తిప్పి చూడాలి. లేత చిగురు చుట్టూ ఆకుపచ్చగానో నల్లగానో పేలలాంటివి గుంపు కట్టి ఉంటే పేనుబంక. కణుపుల దగ్గర, మొగ్గల మధ్య దూది అంటించినట్టుంటే పిండినల్లి. మందారాన్ని ఎక్కువగా ఏడిపించేది ఇదే. కొమ్మ కదపగానే తెల్లటి చిన్న పురుగులు గుప్పున లేస్తే తెల్లదోమ. కొమ్మకి గోధుమరంగు పొక్కుల్లా అంటుకుని, గోరుతో గీకితే ఊడొచ్చేవి పొలుసు పురుగులు. ఎంత వెతికినా ఏమీ కనబడలేదా? తలెత్తి పైకి చూడండి. కొబ్బరాకుల అడుగున చుట్టలు చుట్టినట్టు తెల్లటి గీతలుంటే, బంక అక్కణ్ణుంచే రాలుతోందన్నమాట. ఈ సర్పిలాకార తెల్లదోమని మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచి ప్రాంతంలో గుర్తించారు. తర్వాత గోదావరి జిల్లాల కొబ్బరితోటల్నీ పట్టుకుంది. అలాంటప్పుడు కింది మొక్కకి ఎన్ని మందులు కొట్టినా ఏం లాభం?

మందులంటే గుర్తొచ్చింది. మా వీధిలో ఒకావిడ పుట్టింటి నుంచి కొమ్మ తెచ్చి ముద్దమందారం పెంచుకుంది. దానికి పిండినల్లి పట్టగానే వాళ్ళాయన ఊళ్ళో పత్తిచేనుకి కొట్టే మందు చిన్న నీళ్ళసీసాలో పోయించుకొచ్చాడు. సీసాకి చీటీ లేదు, పేరు లేదు. "గట్టుమీద పెట్టాను వదినా, సాయంత్రం కొడతారట" అని ఆవిడ చెబుతుంటే నాకు కాళ్ళాడలేదు. ఆ కుండీ పక్కనే కరివేపాకు చెట్టు, ఇంట్లో నాలుగేళ్ళ పిల్లాడు! 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ వంటలో తేలింది మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందే. అంతకుముందు 2005లోనే దాన్ని కూరగాయల మీద వాడకూడదని నిషేధించారు. పొలం మందుకి పెరట్లో పనిలేదు. అందులోనూ తాగేనీళ్ళ సీసాలో అసలే వద్దు.

ఆ ముద్దమందారానికి కావలసింది నీళ్ళూ, సబ్బూ, కాస్త ఓపికా. పురుగు బాగా ముసిరిన చిగుళ్ళు కత్తిరించి, కవర్లో మూటకట్టి పారేయించాం. అక్కడే మొదట్లో పడేస్తే మళ్ళీ పాకుతాయి. తర్వాత మూడు రోజులు పొద్దున్నే ఆకుల అడుగుకి తగిలేలా గొట్టంతో నీళ్ళు జోరుగా కొట్టింది. కణుపుల్లో దాక్కున్నవాటిని దూదిపుల్ల స్పిరిట్‌లో ముంచి అద్దింది. ఆనక లీటరు నీళ్ళకి ఒక చెంచా వేపనూనె. నూనె ఊరికే నీళ్ళలో కలవదు, ముందు చెంచాడు సబ్బుద్రావణంలో గిలక్కొట్టి అప్పుడు నీళ్ళు పోయాలి. బట్టల సోడా పౌడరు మాత్రం వాడకండి, ఆకు మాడిపోతుంది. ఒక కొమ్మకి కొట్టి మర్నాడు చూసుకుని, ఏమీ కాకపోతేనే మొత్తానికి కొట్టాలి. అదీ ఎండ దిగాకే. గుడ్లు పొదిగి మళ్ళీ పిల్లలొస్తాయి గనక వారం వారం రెండు మూడుసార్లు తప్పదు. కరివేపాకుకైతే ఉత్త నీళ్ళ ధారతోనే చాలావరకు పోతాయి.

చీమల్ని వదిలేస్తే చేసిందంతా వృథా. తీపి కోసం అవి ఈ పురుగుల్ని కాపలా కాస్తాయి, తినడానికొచ్చే అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. వెనకటి రోజుల్లో వంటింటి బీరువా కాళ్ళ కింద నీళ్ళ చిప్పలు పెట్టేవారు చూడండి, అలాగే వెడల్పు పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో ఇటుక మీద కుండీ పెడితే సరి. కొమ్మలు గోడకి తగలకుండా చూసుకోవాలి, లేకపోతే చీమలకి అదే వంతెన. దోమలు గుడ్లు పెట్టకుండా రెండ్రోజులకోసారి నీళ్ళు మార్చాలి.

చిగుళ్ళు తొందరగా రావాలని గుప్పెడు యూరియా వేసేవాళ్ళున్నారు. ఆ లేత చిగుళ్ళే పురుగుకి విందుభోజనం. కొన్నాళ్ళపాటు ఏ ఎరువూ వేయకండి. మసి పట్టిన పాత ఆకుల్ని తడిగుడ్డతో తుడవొచ్చు. తుడిచేటప్పుడు పిండినల్లుల మధ్య, వాటికంటే పెద్దగా, ఒళ్ళంతా తెల్లటి పోగులతో చురుగ్గా తిరిగే పురుగు కనిపిస్తే దాని జోలికి పోకండి. అది అక్షింతల పురుగుల్లో ఒక రకం పిల్ల. పిండినల్లులే దాని ఆహారం.