నీళ్లు ఎటు పోతున్నట్టు?

మా ఇల్లు శంషాబాద్‌లో. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు తెరిచాక ఇక్కడ వెలసిన కాలనీల్లో మాదీ ఒకటి. కాస్త దూరంలోనే హిమాయత్‌సాగర్. 1908 మూసీ వరద తర్వాత తలపెట్టి 1927లో పూర్తి చేసిన జలాశయం. అంత నీళ్లు పక్కనున్నా మా వీధిలో నల్లా వచ్చేది రోజు విడిచి రోజే, అదీ గంటో గంటన్నరో. వచ్చినప్పుడు సంపు నింపుకుని, మోటారుతో పైన ట్యాంకుకి ఎక్కించుకుంటాం.

నెలకు 10 యూనిట్లు దాటని మాకు ఓసారి 19 యూనిట్ల బిల్లు వచ్చింది. యూనిట్ అంటే వెయ్యి లీటర్లు. మావారు ఆ కాగితం నా చేతిలో పెట్టి, "నీళ్లు వాడుతున్నామా, పారబోస్తున్నామా?" అన్నారు. ఆ మాట తీసుకెళ్లి నేను మా పనమ్మాయి మీద దింపాను. గిన్నెలు తోమేటప్పుడు పంపు వదిలేస్తున్నావన్నాను. వాళ్ల బస్తీకి ట్యాంకరే దిక్కు కాబట్టి రోజూ మా ఇంటి నుంచి రెండు బిందెలు పట్టుకెళ్లేది. అదీ ఎత్తిపొడిచాను. "నల్ల బందు జేసే కడుగుతున్నమ్మా" అని ఊరుకుంది. మర్నాటి నుంచి బిందెలు తేవడం మానేసింది.

డిగ్రీ చదివానన్న మాటే గానీ లెక్క వెయ్యలేదు చూడండి! రెండు బిందెలు కలిపి 30 లీటర్లనుకున్నా నెలకు ఒక్క యూనిట్టయినా నిండదు. పెరిగినవి 9.

అప్పుడు మీటరు మూత ఎత్తి చూశాను. నల్ల అంకెలు యూనిట్లు, ఎర్రవి అందులో భాగాలు. మధ్యలో చిన్న చక్రం ఉంటుంది, సన్నటి ధార పోయినా తిరుగుతుంది. రాత్రి పంపులన్నీ కట్టేసి, పొద్దున రీడింగు మారిందేమో చూడమంటారు చాలామంది. మనలా సంపులున్న ఇళ్లకు అది చాలదు. నల్లా రాని వేళ ఎంత కారుతున్నా మీటరు కదలదు కదా!

అందుకే రెండుసార్లు చూడాలి. నీళ్లు వస్తున్నప్పుడు సంపు దగ్గర వాల్వు కట్టేసి మీటరు చూడండి. చక్రం ఇంకా తిరుగుతోందంటే మధ్యలో గొట్టం కారుతున్నట్టే. మాది ఆగిపోయింది. ఇక ఆ రాత్రి మోటారు వెయ్యకుండా, పైన ట్యాంకులో కర్ర దించి తడి ఎంతవరకుందో గీత పెట్టుకున్నాను. తెల్లారేసరికి బెత్తెడు తగ్గింది. రాత్రంతా ఎవరూ పంపు ముట్టుకోలేదు!

మేడ మీది బాత్రూం చుట్టాలొస్తే తప్ప వాడం. దాని ఫ్లష్ ట్యాంకులో బట్టల నీలం నాలుగు చుక్కలు వేసి కూర్చున్నాను. పావుగంటకి, మీట నొక్కకుండానే కింద నీలం రంగు దిగింది. చప్పుడు లేకుండా రాత్రింబవళ్లు కారుతోందన్నమాట. లోపల రబ్బరు వాషరు అరిగిపోయింది. అది మార్చాక మరుసటి నెల బిల్లు మళ్లీ 10 దగ్గరకొచ్చింది.

ఇప్పుడు ప్రతి ఒకటో తారీఖున క్యాలెండరు మీద రీడింగు రాసుకుంటున్నాను. మీటరు గుంతలో నీరూ చెత్తా చేరకుండా, అద్దం ఎండకు మసకబారకుండా మూత వేసి ఉంచుతున్నాం. నల్లా వచ్చే ముందు బుస్సుమని గాలి తన్ని చక్రం గిర్రున తిరిగితే కంగారు పడనక్కర్లేదు, నీళ్లు అందుకోగానే సర్దుకుంటుంది. ధార సన్నగా ఉందని నల్లా గొట్టానికే మోటారు బిగించేవాళ్లున్నారు. అది నేరం, పైగా గొట్టంలో ఎక్కడ పగులున్నా పక్కనున్న మురుగును లాగేస్తుంది. హైదరాబాద్ నగరంలో 2021 జనవరిలో నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీళ్లు మొదలుపెట్టినప్పుడు, బస్తీలు మినహా మిగతా ఇళ్లకు మీటరు పనిచేస్తూ ఉండాలని షరతు పెట్టారు. ఆగిపోయిన మీటరు పుణ్యమా అని మెహదీపట్నంలో మా ఆడపడుచు ఎన్నిసార్లు ఆఫీసు చుట్టూ తిరిగిందో!

నీలం సంగతి పనమ్మాయిని పైకి తీసుకెళ్లి మరీ చెప్పాను. తప్పు నాదేనన్నాను. అది ఆ వాషరు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "గింతదానికి ఎన్ని బిందెలు పోయినయో గదమ్మా" అంది.

బిందెలు మాత్రం వారం దాకా తేలేదు. ఎనిమిదో రోజున ఒకటి తెచ్చింది.