ఇంటి గ్యారేజీలో హాట్ రాడ్ బక్కీ: ముందు ఆగడం, తరువాత పరుగు

మన క్వాజూలు-నేటాల్‌లో ‘బక్కీ’ అంటే తెలియని తెలుగు ఇల్లు ఉండదు. ముందు చిన్న క్యాబిను, వెనుక సామాను వేసుకొనే తొట్టి గల మోటారు బండిని అమెరికావారు పికప్పు అంటారు, మనం బక్కీ అంటాము. చెరకు తోటలలో గిరిమిట్ గడువు తీరిన తరువాత మన పెద్దలలో అనేకులు కూరగాయలు పండించి బ్రతికారు. ఆ కూరగాయలను డర్బన్ మార్కెట్టుకు చేర్చడానికి మొదట ఎడ్లబండి, తరువాత లారీ, బక్కీ వచ్చాయి. ఈనాడు మన యువకులు కొందరు అటువంటి పాత బక్కీని కొని, ఇంటి గ్యారేజీలోనే ‘హాట్ రాడ్’గా మార్చుకొంటున్నారు. ఈ పని ఏమిటో, ఏ వరుసలో చేయాలో తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హాట్ రాడ్ అనగా పాత బండి ఆకారం నిలుపుకొని, దానికి ఎక్కువ శక్తిగల ఇంజిను పెట్టి, ఎత్తు తగ్గించి, యజమాని అభిరుచి ప్రకారం తీర్చిన బండి. ఈ అలవాటు 1930 ప్రాంతాలలో అమెరికాలోని కాలిఫోర్నియాలో పెరిగింది. అక్కడి యువకులు చవకగా దొరికే పాత ఫోర్డు బండ్లను విప్పి, బరువు తగ్గించి, ఎండిపోయిన సరస్సుల చదునైన నేల మీద పరుగెత్తించేవారు. 1932లో ఫోర్డు కంపెనీ 3.6 లీటర్ల, 65 అశ్వశక్తి గల వి-8 ఇంజినును సామాన్యులు కొనగల ధరకు తెచ్చింది. దానితో ఈ ముచ్చట మరింత బలపడింది. 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడి పరుగులకు నియమాలు పెట్టింది.

మన దేశంలో ఈ పనికి వేరొక చరిత్ర కూడా ఉన్నది. 1922 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టంలో జాతి పేరు లేకపోయినా, చదువు అర్హతల వల్ల, తెల్లవారి కార్మిక సంఘాల పట్టు వల్ల మనవారికి ఫిట్టరు, టర్నరు వంటి పనులలో శిక్షణ దొరకడం చాలా కష్టమయ్యేది. 1956లో వచ్చిన చట్టం కొన్ని ఉద్యోగాలను జాతి ప్రకారం కేటాయించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. అందువలన మనవారు ఎందరో కాగితం లేకుండానే, పెరటిలో, చెట్టు క్రింద, అన్నను చూచి తమ్ముడు, మామను చూచి అల్లుడు మెకానిక్కు పని నేర్చుకొన్నారు. కనుక ఇంటి గ్యారేజీని మేము వట్టి వినోదశాలగా చూడము. అది మనకు ఒక బడి. బడి అయినప్పుడు పాఠం సరియైన వరుసలో చెప్పాలి.

ఉదాహరణకు 1952 నాటి షెవ్రొలే అర టన్ను పికప్పును తీసుకొందాము. దాని 3.5 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిను శక్తి 92 అశ్వశక్తి. ముందు చక్రాలు రెండూ ఒకే ఇనుప ఇరుసుకు ఉంటాయి. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. తొట్టి అడుగు చెక్క పలకలతో చేసినది. పెట్రోలు ట్యాంకు క్యాబినులోనే, డ్రైవరు సీటు వెనుక ఉంటుంది.

మొదటి పని పరీక్ష. రంగు చూచి బండి కొనరాదు. ‘పైన పటారం, లోన లొటారం’ అని మన పెద్దలు అన్నది ఇటువంటి బండ్లకు అక్షరాలా సరిపోతుంది. సముద్రపు గాలి తగిలే మన ఊళ్ళలో తుప్పు తొందరగా పడుతుంది. క్యాబిను మూలలు, కాళ్ళ క్రింది రేకు, క్యాబిను ఛాసీ మీద కూర్చొనే చోట్లు సుత్తితో తట్టి చూడాలి.

రెండవ పని ఛాసీ. బండిని విప్పేటప్పుడు ప్రతి భాగానికీ చీటీ కట్టి, ఫోటో తీసి ఉంచాలి. ఛాసీ వంకరపోయినదా లేదా తెలుసుకోవడానికి పెద్ద యంత్రం అక్కరలేదు. మేస్త్రీలు వాడే తూకపు గుండును ఛాసీ నాలుగు మూలల నుండి వ్రేలాడదీసి, నేల మీద సుద్దతో గుర్తులు పెట్టాలి. ఎదురెదురు మూలల మధ్య కర్ణాలను టేపుతో కొలవాలి. రెండు కర్ణాలూ సమానమైతే ఛాసీ మూలమట్టంగా ఉన్నట్లు. తరగతిలో మేము చెప్పే దీర్ఘచతురస్రం పాఠం ఇదే.

మూడవ పని బ్రేకులు. ఇక్కడే యువకులకు ఓపిక చాలదు. “మాస్టారూ, ముందు ఇంజిను పెట్టి ఒకసారి దాని శబ్దం విందాము” అని ఒక అబ్బాయి మాతో అన్నాడు. మేము అతనికి ఒక లెక్క ఇచ్చాము. బండి వేగం గంటకు 60 కిలోమీటర్ల నుండి 120కి పెరిగితే, దానిని ఆపడానికి బ్రేకులు మింగవలసిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు. 92 అశ్వశక్తికి చేసిన డ్రమ్ములు 250 అశ్వశక్తి ఇంజిను ముందు ఏమి నిలుస్తాయి?

పాత బండిలో బ్రేకు నూనెకు ఒకే దారి ఉంటుంది. ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. అందుచేత ముందు చక్రాలకు ఒకటి, వెనుక చక్రాలకు ఒకటి వేరు దారులు గల మాస్టరు సిలిండరు పెట్టాలి. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు మంచివి. మాస్టరు సిలిండరు కాళ్ళ క్రింద, చక్రాల బ్రేకుల కంటె దిగువన ఉంటే నూనె వెనుకకు జారిపోతుంది. దానిని ఆపడానికి డిస్కుల దారిలో 2 పౌండ్ల, డ్రమ్ముల దారిలో 10 పౌండ్ల ఒత్తిడి నిలిపే వాల్వులు వేస్తారు. ఇంకొక మాట. ఖాళీ బక్కీకి వెనుక బరువు తక్కువ. గట్టిగా బ్రేకు త్రొక్కితే వెనుక చక్రాలు ముందే బిగుసుకొని బండి పక్కకు తిరుగుతుంది. కనుక వెనుక బ్రేకు ఒత్తిడిని తగ్గించే వాల్వు కూడా కావాలి.

నాలుగవది ఇంజిను. 1967 నుండి వచ్చిన షెవ్రొలే 5.7 లీటర్ల వి-8 గాని, 1989 నుండి వచ్చిన టొయోటా 4 లీటర్ల వి-8 గాని ఎక్కువమంది ఎంచుకొంటారు. మన స్టీరింగు కుడివైపున ఉన్నది కనుక, వి-8 కుడి ప్రక్క పొగగొట్టం స్టీరింగు కడ్డీకి తగలకుండా ముందే కొలుచుకోవాలి. 1954 వరకు ఈ షెవ్రొలే బండ్లలో వెనుకకు తిరిగే కడ్డీ ఒక గొట్టంలో మూసి ఉండేది. కొత్త గేరుబాక్సు వేస్తే వెనుక ఇరుసు కూడా మార్చక తప్పదు. పెట్రోలు ట్యాంకును క్యాబిను నుండి తీసి, తొట్టి క్రింద ఛాసీ కమ్ముల మధ్య పెట్టడం క్షేమం. పాత ట్యాంకు ఖాళీగా ఉన్నా దాని మీద వెల్డింగు చేయరాదు. లోపలి ఆవిరి పేలుతుంది. బండి క్రింద పడుకొనేటప్పుడు ఇటుకలను, ఒంటి జాకీని నమ్మరాదు, ఉక్కు స్టాండ్లు పెట్టాలి.

ఐదవది తొట్టి. మన ఊళ్ళలో బక్కీ సామాను మాత్రమే మోయదు. పెళ్ళికి, గుడి ఉత్సవానికి, బంతి ఆటకు పిల్లలు వెనుక ఎక్కుతారు. దేశపు రోడ్డు నిబంధనల ప్రకారం తొట్టిలో మనుషులు కూర్చొంటే, వారు కూర్చొన్న మట్టానికి పైన పక్క గోడ కనీసం 350 మిల్లీమీటర్లు ఉండాలి. నిలబడితే నిలబడిన మట్టం నుండి 900 ఉండాలి. బండి ఎత్తు తగ్గించడానికి ఛాసీని ఇరుసు మీద కోసినప్పుడు తొట్టి అడుగును పైకి లేపుతారు. అడుగు 100 మిల్లీమీటర్లు లేస్తే గోడ 100 తగ్గుతుంది. అందం పెరిగినచోట రక్షణ తరిగింది. అద్దె తీసుకొని బడి పిల్లలను తొట్టిలో ఎక్కించడం 2017 మే 11 నుండి నిషేధం. మా అభిప్రాయంలో అద్దె లేకున్నా హాట్ రాడ్ తొట్టిలో ఎవరినీ ఎక్కించరాదు.

చివరిది కాగితాలు. ఇంజిను కొన్నప్పుడే అమ్మినవారి రసీదు, ఇంజిను నంబరు భద్రపరచాలి. మార్చిన ఇంజినుకు పోలీసు క్లియరెన్సు తీసుకొని రిజిస్ట్రేషనులో వ్రాయించాలి. బండి బరువు మారితే తూకం వేయించి నమోదు చేయాలి. రోడ్డు యోగ్యత పరీక్ష అయిన తరువాతనే బండి వీధిలోకి రావాలి.

రంగు గురించి మేము వ్రాయలేదని చదువరులు అనుకోవచ్చు. రంగు వారి ఇష్టం. కాని అది చివరి పని. మన పెద్దలకు కాగితం ఇవ్వని కాలంలో వారి పనే వారికి సాక్ష్యంగా నిలిచింది. ఈనాడు మన పిల్లలకు కళాశాల తలుపులు, వర్కుషాపు తలుపులు చట్టరీత్యా తెరచి ఉన్నాయి. ఆ చదువుతో పాటు ఇంటిలోని చేతిపని కూడా నిలవాలంటే, గ్యారేజీలో పెద్దవాడు చిన్నవానికి మొదట నేర్పవలసినది బండిని ఆపడం. పరుగెత్తించడం ఎవరైనా త్వరగానే నేర్చుకొంటారు.