ఎర్రర్ ఏ దశలో వచ్చింది?

పైథాన్ నెమ్మదిగా ఉందని ఒక్క లూప్‌ని సీ ప్లస్ ప్లస్‌లో రాసి ఎక్స్‌టెన్షన్‌గా కలుపుదాం అనుకుంటాం. బిల్డ్ కొట్టగానే స్క్రీన్ నిండా ఎర్రర్లు. మినీ ప్రాజెక్ట్ రివ్యూకి ముందు రాత్రి నా పరిస్థితీ అదే.

మనలో చాలామంది ముందు చివరి లైను చదువుతాం. జీసీసీ ఫెయిలైందని తప్ప అది ఇంకేం చెప్పదు. అసలు కారణం పైన, మొదటి ఎర్రర్‌లో ఉంటుంది. కిందివన్నీ చాలాసార్లు దాని వెంట వచ్చిన చుట్టాలే.

మొదటి ఎర్రర్ దొరికాక అది ఏ దశలోదో చూడండి. ‘పైథాన్.హెచ్’ దొరకలేదంటే కంపైల్ దశ. మీ కోడ్ తప్పు కాదు, హెడర్లు లేవంతే. ఉబుంటులో పైథాన్3-డెవ్ ప్యాకేజీ వేస్తే సాధారణంగా సరిపోతుంది. ‘కెనాట్ ఫైండ్ -ఎల్’ అని ఏదో లైబ్రరీ పేరు కనిపిస్తే లింక్ దశ. ఆ లైబ్రరీ సిస్టమ్‌లో లేదు, లేదా లింకర్ వెతికే చోట లేదు.

చిక్కంతా మూడోదానితోనే. బిల్డ్ పాసవుతుంది, .ఎస్ఓ ఫైల్ కూడా వస్తుంది. తీరా ఇంపోర్ట్ చేస్తే ‘అన్‌డిఫైన్డ్ సింబల్’! లింక్ అయిపోయాక సింబల్ లేకపోవడమేంటని రెండు గంటలు కోడ్ తిరగేశాను. తర్వాత తెలిసింది: లినక్స్‌లో షేర్డ్ లైబ్రరీ కట్టేటప్పుడు దొరకని పేర్లను లింకర్ మామూలుగా పట్టించుకోదు, లోడయ్యేటప్పుడు ఎవరో ఒకరు ఇస్తారులే అని వదిలేస్తుంది. పైథాన్ సొంత ఫంక్షన్లు మన ఎక్స్‌టెన్షన్‌కి అందేది కూడా ఆ దారిలోనే. అందుకే మన తప్పు ఇంపోర్ట్ దాకా బయటపడదు.

నాకు లేదన్న పేరు ‘_జెడ్6ఫిల్టర్‌పీడీఐ’. చూడ్డానికి చెత్తలా ఉంది గానీ, సంధి విడదీసినట్టు విడదీయొచ్చు. ‘_జెడ్’ ఉంటే అది సీ ప్లస్ ప్లస్ పేరు. 6 అంటే ఫిల్టర్ అన్న మాటలోని ఇంగ్లిష్ అక్షరాల సంఖ్య. ‘పీడీ’ అంటే డబుల్‌కి పాయింటర్, ‘ఐ’ అంటే ఇంట్. ఈ పని ‘సీ++ఫిల్ట్’ కమాండే చేసిపెడుతుంది. మా టీమ్‌మేట్ లైబ్రరీ మాత్రం సీలో రాసింది. దాని మీద ‘ఎన్ఎం’ కొడితే కనిపించింది ఉత్త ‘ఫిల్టర్’. ఒకే ఫంక్షన్, రెండు పేర్లు! హెడర్‌లో ఆ డిక్లరేషన్‌ని ‘ఎక్స్‌టర్న్ సీ’లో పెడితే చాలు.

లేదన్న పేరు ముందు ‘_జెడ్’ లేకపోతే కథ వేరు. లైబ్రరీని లింక్ చేయడమే మర్చిపోయి ఉంటారు, లేదా .ఏ ఫైల్‌ని కమాండ్‌లో ఆబ్జెక్ట్ ఫైళ్లకంటే ముందు రాసి ఉంటారు. దాన్ని వాటి తర్వాతకి జరపండి.

హెడర్ సరిచేసి మళ్లీ బిల్డ్ చేశా. మళ్లీ అదే ఎర్రర్! సెటప్‌టూల్స్ సోర్స్ ఫైళ్లు మారాయో లేదో చూస్తుంది గానీ, ‘డిపెండ్స్’ జాబితాలో రాయని హెడర్ మారినా పట్టించుకోదు. బిల్డ్ ఫోల్డర్‌నీ పాత .ఎస్ఓ ఫైల్‌నీ తీసేసి మళ్లీ కొట్టాను. ఈసారి ఇంపోర్ట్ నోరెత్తలేదు. టైమ్ చూస్తే రెండున్నర.