భుజం పట్టీ చెప్పే పటాలం కథ

రేవులో బట్టలుతికేవారు ఏ బట్ట ఏ ఇంటిదో తెలియడానికి నల్లజీడి గింజతో అంచున గుర్తు పెట్టడం మన పల్లెల్లో పెద్దలంతా ఎరిగినదే. ఊరి బట్టలన్నీ ఒకే మూటలో కలిసినా ఆ చిన్న గుర్తే ఎవరి పంచె వారికి చేరుస్తుంది. జర్మనీ సైన్యం తన జవాన్ల కోటు భుజాల మీద పెట్టిన పట్టీ కూడా సరిగ్గా ఇలాంటి గుర్తే. జానెడు పొడవు కూడా లేని ఆ ఉన్ని గుడ్డ ముక్కలను కూడబెట్టి, ఒక్కొక్కటీ ఏ పటాలానిదో, ఆ పటాలం ఎక్కడెక్కడ పోరాడిందో వెతికేవారు యూరప్‌లోనూ అమెరికాలోనూ నేటికీ చాలామంది ఉన్నారు.

వెతకడం అంత సులువు కాదు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి జర్మనీలో పైన కైజర్ చక్రవర్తి ఉన్నా, కింద ప్రష్యా, బవేరియా, సాక్సనీ, వుర్టెంబర్గ్ రాజ్యాలు ఎవరి సైన్యం వారివే అన్నట్టు ఉండేవి. బవేరియా తప్ప మిగిలినవారి పదాతి పటాలాలకు 1 నుంచి 182 వరకు ఒకే వరస నంబర్లు. బవేరియావారు మాత్రం మా లెక్క మాదేనని మళ్లీ 1 నుంచి మొదలెట్టుకున్నారు. కొన్ని పేరున్న పటాలాలకు నంబరు బదులు ఏ రాజుదో రాణిదో కిరీటంతో కూడిన పొడి అక్షరాలుండేవి.

ఈ అక్షరాల్లో ఒక తమాషా ఉంది. బెర్లిన్‌లోని 1వ గార్డు డ్రాగూన్లనే గుర్రపు పటాలానికి 1889 నుంచి ఇంగ్లండు రాణి విక్టోరియా పేరుండేది. మన తాతల కాలపు వెండి రూపాయి మీద బొమ్మ ఉన్న విక్టోరియాయే! కైజర్ విల్‌హెల్మ్ ఆమె కూతురి కొడుకు. ఇంగ్లండు రాజు అయిదో జార్జి ఆమె కొడుకు కొడుకు. అమ్మమ్మ పేరున్న పటాలాన్ని పెట్టుకునే ఆ మనుమడు ఈ మనుమడి మీద యుద్ధానికి దిగాడు.

నంబరు దొరికితే కథ తేలినట్టే అనుకుంటే పొరపాటు. 16 అని ఉన్న పట్టీనే చూడండి. కొలోన్ నగరంలో మకాం ఉండే ప్రష్యావారి 16వ పదాతి పటాలం ఒకటి. బవేరియావారి 16వ పటాలం మరొకటి. యుద్ధం రాగానే వెనకటి జవాన్లను పిలిపించి కట్టిన రిజర్వు పటాలాలకూ అవే నంబర్లిచ్చారు గనుక రిజర్వు 16లు మరి రెండు. రిజర్వు అని తెలిపే అక్షరం టోపీ తొడుగు మీద ఉండేది గాని భుజం పట్టీ మీద ఉండేది కాదు. మ్యూనిక్‌లో 1914లో కట్టిన బవేరియా 16వ రిజర్వు పటాలంలోనే హిట్లర్ ఉత్తరాలు మోసే జవానుగా పనిచేశాడు.

మన దేశపు జవాన్లకు ఈ 16 నంబరుతో ముఖాముఖి పరిచయం ఉంది. 1915 మార్చి 10న ఫ్రాన్సులోని నవ్ షాపెల్ గ్రామం మీద బ్రిటిష్ దళాలతో కలిసి ఇండియన్ కోరు దాడి చేసినప్పుడు కందకాల్లో ఎదురుపడినవారిలో ప్రష్యా 16వారున్నారు. రెండు రోజుల తర్వాత జర్మన్లు ఎదురుదాడికి దించిన డివిజనులోనే బవేరియా రిజర్వు 16 కూడా ఉంది. ఒకే పోరు, ఒకే నంబరు, ఊళ్లు మాత్రం వందల మైళ్ల దూరం. ఆ ఊళ్లో 1927లో కట్టిన స్మారకం మీద సమాధి కూడా తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లున్నాయి.

మరి ఏ 16 అని ఎలా తేల్చాలి? అనుభవజ్ఞులు ముందు గుండీ చూస్తారు. ప్రష్యా కోటు గుండీ మీద కిరీటం, బవేరియా గుండీ మీద సింహం ఉంటాయి. పట్టీని పట్టి ఉంచే గుండీ మీద చాలాసార్లు కంపెనీ నంబరు కూడా ఉంటుంది. తర్వాత అంచు రంగు. యుద్ధానికి ముందు కుట్టిన బూడిద రంగు కోట్లలో లేత నీలం అంచుంటే రైను నది వైపు కోర్లలోనూ వెదకాలి, పసుపుంటే మరోచోట. ఆ పైన పట్టీ వెనక గిడ్డంగివారు కొట్టిన ముద్ర చెరిగిపోకుండా ఉంటే అదృష్టమే.

ఈ గుడ్డ ముక్క విలువ అందరికంటే ముందు కనిపెట్టినది శత్రువులు. రాత్రివేళ కందకాల మీద పడి ఖైదీలను పట్టుకోవడం, చచ్చినవారి భుజం పట్టీలు కోసి తేవడం బ్రిటిష్ వారికి నిత్యకృత్యమయింది. నిన్న 73 ఉన్నచోట నేడు వేరే నంబరు దొరికితే కొత్త దళం దిగిందన్నమాట. అది దాడికి సూచన కావచ్చు. అమెరికా సైన్యం ఇలాంటి ఆనవాళ్లన్నీ గుదిగుచ్చి 251 జర్మన్ డివిజన్ల చరిత్రను 1920లో పుస్తకంగానే అచ్చు వేయించింది. పట్టీల వెంటబడేవారు నేటికీ ముందు తిరగేసేది దాన్నే.

ఆ పుస్తకానికి అంత గిరాకీ ఉండటానికి కారణం ఉంది. 1945 ఏప్రిల్ 14 రాత్రి బాంబుదాడిలో పోట్స్‌డామ్‌లోని సైనిక దస్తావేజుల భాండారం తగలబడింది. ప్రష్యా జవాన్ల రికార్డు దాదాపు అంతా దాంతోనే బూడిదయింది. మ్యూనిక్, స్టుట్‌గార్ట్ వంటి చోట్ల ఉన్న కాగితాలు మాత్రం మిగిలాయి. అందుచేత బవేరియా జవాను మనుమడు తాత వివరం సులువుగా తీయగలడు. ప్రష్యా జవాను మనుమడికి పాత పెట్టెలో దొరికిన పట్టీ, ఒక ఫొటో, యుద్ధకాలంలో అచ్చయిన మృతుల, క్షతగాత్రుల జాబితాలే దిక్కు.

ఇక్కడే ఒక పాపిష్టి పని కూడా సాగుతోంది. పాత యుద్ధభూముల్లో దొంగచాటుగా తవ్వి, ఎముకల పక్కనున్న గుండీలు, జవాను మెడలోని లోహపు బిళ్ల తీసి అమ్ముకునేవారున్నారు. ఆ బిళ్ల మీదనే అతని దళం, నంబరు ఉంటాయి. అది పోతే ఆ జవాను ఎవరో ఇక ఎన్నటికీ తెలియదు. జర్మన్ యుద్ధ సమాధులను చూసే ఫోక్స్‌బుండ్ సంస్థ 1919లో పుట్టింది. ఇప్పటికీ ఎముకలు వెలికితీసి పేర్లు కలుపుతూనే ఉంది. బెల్జియంలోని లాంగెమార్క్ శ్మశానంలో 44 వేలకు పైగా జర్మన్లుండగా, ఒక్క ఉమ్మడి గోతిలోనే సుమారు 25 వేల మంది ఉన్నారు. అటకమీది పెట్టెలో దొరికిన పట్టీ కొనడం వేరు, గోతిలోంచి తీసింది కొనడం వేరు. నిజాయితీ గల సేకర్తలు రెండోదాన్ని ముట్టరు.

నకిలీల బెడద సరేసరి. సినిమాలకోసం కుట్టినవి టీ డికాక్షన్‌లో ముంచి పాతవిగా అమ్ముతారు. యుద్ధం తర్వాత వచ్చిన దారం కొన్నిసార్లు అతినీల కాంతి దీపం కింద మెరిసి దొంగను పట్టిస్తుంది.

రెండో యుద్ధంలో పద్ధతి కొంత మారింది. పట్టీ అంచున పదాతికి తెలుపు, ఫిరంగులవారికి ఎరుపు, ట్యాంకులవారికి గులాబి, వంతెనలు కట్టేవారికి నలుపు. శత్రువుకు ఆనవాలు దొరకరాదని యుద్ధం మొదలవుతూనే నంబర్లు తీసేయాలని, కప్పేయాలని ఉత్తర్వులిచ్చారు. అందుకే ఆ కాలపు నంబరున్న పట్టీకి ధర ఎక్కువ.

ఆ సైన్యపు పదాతి పటాలాల్లో 950 నంబరుది మనవారిదే. ఉత్తరాఫ్రికాలో పట్టుబడ్డ భారతీయ ఖైదీల నుంచి సుభాస్ చంద్ర బోస్ పూనికతో కట్టిన పటాలమది. రెండున్నర వేలకు పైగా జవాన్లు జర్మన్ కోటు తొడిగి, చేతి మీద మూడు రంగుల మధ్య దూకే పులి గుర్తు పెట్టుకున్నారు. నాజీల కొలువులో నిలబడి దేశ స్వాతంత్ర్యం కోరిన ఆ జవాన్లను ఎలా చూడాలన్నది నేటికీ తెగని వాదమే. జర్మనీలో ఇంజనీరింగు చదువుతూ బోసు వెంట నడిచిన హైదరాబాదీ ఆబిద్ హసన్ ఆ జవాన్ల మధ్య పనిచేశారు. అన్ని మతాలవారూ ఒకరినొకరు పలకరించుకునేందుకు ‘జైహింద్’ మాట తెచ్చింది ఆయనేనంటారు. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి జలాంతర్గామిలో బోసు తూర్పు దేశాలకు బయలుదేరినప్పుడు వెంట వెళ్లిన ఏకైక భారతీయుడు ఆయనే. స్వాతంత్ర్యం వచ్చాక భారత రాయబారిగా పనిచేసి 1984లో కన్నుమూశారు. ఐరోపాలో మిగిలిన 950 జవాన్లు 1944లో ఫ్రాన్సు నుంచి వెనక్కి తగ్గి, మరుసటి ఏడు లొంగిపోయారు. తర్వాత వారిని ఓడల మీద ఇండియాకు తెచ్చారు.