సర్టిఫికెట్టు మీది తేదీ చూసి లెక్క వేయండి: జాతీయ అవార్డులకు మన సినిమాలు

71వ జాతీయ చలనచిత్ర పురస్కారాల జాబితా 2025 ఆగస్టు 1న వచ్చింది. అప్పటినుంచి మా సంఘం సభ్యులు కనీసం అరడజను మంది నన్ను ఒకే మాట అడిగారు. ‘హనుమాన్’ 2024 సంక్రాంతికి కదా వచ్చింది, 2023 సంవత్సరం అవార్డుల్లో దానికి రెండు ఎలా ఇచ్చారు? ‘గాంధీ తాత చెట్టు’ అయితే 2025 జనవరిలో విడుదలైంది. అందులో నటించిన సుకృతి వేణికి 2023 ఉత్తమ బాలనటి అవార్డు ఏమిటి, ముందే ఎవరు చూశారు?

జవాబు చిన్నదే. జాతీయ అవార్డులకు లెక్కలోకి వచ్చేది సినిమా హాల్లో పడిన రోజు కాదు, సెన్సారు సర్టిఫికెట్టు మీద ఉన్న తేదీ. జనవరి 1 నుంచి డిసెంబరు 31 లోపల సర్టిఫికెట్టు పుచ్చుకున్న సినిమా ఆ ఏటి పద్దులో పడుతుంది. ‘ఆర్ఆర్ఆర్’ను మనం 2022 మార్చి 25న చూశాం. కానీ దానికి అవార్డులు 2021 పద్దులో, అంటే ‘పుష్ప’తో పాటు 69వ పురస్కారాల్లో వచ్చాయి. జీవితమంతా ఫైళ్ళ మీద తేదీలు చూసి సంతకాలు పెట్టించిన గుమాస్తాను కాబట్టి నాకీ నియమం ముచ్చటగానే ఉంటుంది. ఊరేగింపు ఎప్పుడు తీసినా పెళ్ళి తేదీ రిజిస్టరులో ఉన్నదే. కనుక ఈ ఏడాది ఎవరికి వస్తుందని ఇంట్లో పందేలు వేసుకునేవారు ముందు ఆ సినిమా ఏ ఏటిదో తేల్చుకోవాలి. డిసెంబరు, జనవరి నెలల్లో వచ్చిన సినిమాల దగ్గరే అందరూ తప్పులో కాలేస్తారు.

రెండో సంగతి. అవార్డు దానంతట అది నడిచి రాదు. నిర్మాతగానీ దర్శకుడుగానీ దరఖాస్తు పెట్టుకోవాలి. మీకు ఎంతో నచ్చిన సినిమా జాబితాలో లేకపోతే జ్యూరీని తిట్టేముందు, అసలు దరఖాస్తు వెళ్ళిందా అన్నది ఒక ప్రశ్న. వెళ్ళినవాటిని ముందు అయిదు ప్రాంతీయ జ్యూరీలు చూస్తాయి. అందులో దక్షిణాదికి రెండు. అవి వడబోసి పంపినవాటి మీద ఢిల్లీలో కేంద్ర జ్యూరీ తేలుస్తుంది. జ్యూరీ ఏటేటా మారుతుంది గనుక కిందటేడు ఏం నచ్చిందో చూసి ఈ ఏడు చెప్పడం అంత సులువు కాదు. వసూళ్ళకు ఇందులో పనిలేదు. జనాదరణ పొందిన ఉత్తమ చిత్రమని ఒక విభాగం ఉంది, కోట్ల లెక్కలు మాట్లాడుకునేవారు అక్కడ చూసుకోవాలి.

మనలాంటి ఇళ్ళకు అన్నిటికన్నా ముఖ్యమైనది మూడోది. ‘ఉత్తమ తెలుగు చిత్రం’ అన్నది భాషకిచ్చే అవార్డు, రాష్ట్రానికి కాదు. సినిమా ఎక్కడ తీశారు, నిర్మాత ఏ ఊరివాడు అన్న దానితో సంబంధం లేదు, అది తెలుగు సినిమా అయితే చాలు. చరిత్ర చూసినా అంతే. రెండో ఏడు అవార్డుల్లో తెలుగుకు రాష్ట్రపతి రజత పతకం తెచ్చిన ‘పెద్దమనుషులు’ మద్రాసులో తయారైన వాహినీ వారి చిత్రం. తెలుగు సినిమా తొలి పతకాలు తమిళగడ్డ మీదినుంచే వెళ్ళాయని మన పిల్లలకు ఎందరికి తెలుసు? ఇక్కడ ఇంకో మెలిక ఉంది. అనువాద చిత్రాలకు పోటీలో చోటు లేదు. ‘పుష్ప’ను హోసూరులో తమిళంలో చూసినవారున్నారు, బరంపురంలో హిందీలో చూసినవారున్నారు. పోటీలోకి వెళ్ళేది మాత్రం అసలు తీసిన తెలుగు ఒక్కటే.

71వ జాబితాలో ఉత్తమ తెలుగు చిత్రం ‘భగవంత్ కేసరి’ అనగానే చాలామంది నొసలు చిట్లించారు. బాలకృష్ణ సినిమాకు జాతీయ అవార్డా అని. ఆడపిల్లను సైన్యంలోకి పంపేలా ధైర్యంగా పెంచడం, చిన్నపిల్లలకు మంచి స్పర్శ, చెడ్డ స్పర్శ గురించి చెప్పే సన్నివేశం జ్యూరీని ఆకట్టుకున్నాయని నా అంచనా. నన్ను అడిగితే ‘బలగం’కే ఓటు వేసేవాణ్ణి. చావింట్లో కాకి ముట్టలేదన్న దిగులు చుట్టూ అంత కథ నడిపిన సినిమా నేను ఈమధ్య చూడలేదు. దానికి కాసర్ల శ్యామ్ పాటకు ఉత్తమ గీతరచన అవార్డు వచ్చింది, ‘బేబి’కి స్క్రీన్‌ప్లేలోనూ గానంలోనూ వచ్చాయి. ఇక్కడొక పాఠం ఉంది. ఒక సినిమాకు అన్నీ రావు, శాఖలవారీగా చూసుకోవాలి.

ఇది రాస్తున్న నాటికి నేను లెక్క వేస్తున్నది 2024 సర్టిఫికెట్టు సినిమాలకు. నా జాబితాలో మొదటిది ‘35 – చిన్న కథ కాదు’. తిరుపతిలో కథ. సున్నాకు విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుందని అడిగే పిల్లాడు, వాడి ప్రశ్నకు ఓపిక లేని లెక్కల మాస్టారు, పదో తరగతి తప్పిన తల్లి. ఆ తల్లే కొడుకుతోపాటు లెక్కలు నేర్చుకుని వాడికి నేర్పుతుంది. దర్శకుడు నందకిశోర్ ఈమాని ఎక్కడా గొంతు పెంచలేదు. తల్లిగా నివేదా థామస్ నటన చూస్తే, తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రాని పిల్లలకు వంటింటి గట్టు మీద ఒత్తులు, గుణింతాలు దిద్దించే మన కోడళ్ళు గుర్తొచ్చారు. సినిమా రెండో సగంలో కొంచెం సాగుతుంది, నిజమే. అయినా ఉత్తమ తెలుగు చిత్రానికి నా పందెం దీని మీదే. నివేదాకు ఉత్తమ నటి వస్తుందా అంటే, అది భాషల తేడా లేని పోటీ. ‘అమరన్’లో సాయిపల్లవి, ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’లో కని కుసృతి ఎదురుగా ఉన్నారు. కష్టమే.

తరువాత ‘కమిటీ కుర్రోళ్ళు’. గోదావరి పల్లె, పన్నెండేళ్ళకోసారి జాతర, పదకొండు మంది కొత్త కుర్రాళ్ళు. ఎంసెట్ సీట్ల దగ్గర రిజర్వేషన్ల మాట వచ్చి స్నేహితులు విడిపోయే ఘట్టం చాలా నిజాయితీగా ఉంది. ఆ గొడవ ఎక్కడ మొదలవుతుందో పల్లెలో పెరిగిన ఎవరికైనా తెలుసు, సినిమాల్లో మాత్రం ఎవరూ చూపించరు. దర్శకుడు యదు వంశీకి ఇది మొదటి సినిమా గనుక తొలిచిత్ర దర్శకుడి విభాగంలో గట్టి పోటీదారు.

‘లక్కీ భాస్కర్’ను నేను రెండుసార్లు చూశాను. బొంబాయిలో బ్యాంకు క్యాషియరు, 1990 ప్రాంతం, షేర్ల కుంభకోణపు రోజులు. పదోన్నతి వస్తుందని నమ్మి భంగపడ్డ ఉద్యోగి ముఖం దుల్కర్ సల్మాన్ పట్టుకున్న తీరు చూసి మా రిటైర్డ్ మిత్రులు హాల్లోనే గుసగుసలాడారు. అయితే బ్యాంకు డబ్బు పెట్టెలో పెట్టి బయటికి తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చి పెట్టడం అంత సాఫీగా జరగదని కౌంటరు వెనక కూర్చున్నవారెవరైనా చెబుతారు. ఇంకొకటి, ఆ బొంబాయి ఇంట్లో వినబడేది సినిమా తెలుగు. బొంబాయిలో తరాలుగా ఉన్న మనవాళ్ళ తెలుగు కాదు. వెంకీ అట్లూరి రచనకు, కళాదర్శకత్వానికి అవకాశం ఉంది. నీతి విషయంలో జ్యూరీ ముఖం తిప్పుకోవచ్చు. ‘కల్కి 2898 ఏడీ’కి యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో రాకపోతేనే ఆశ్చర్యం. ‘పుష్ప 2’కు అల్లు అర్జున్ మళ్ళీ ఉత్తమ నటుడు అవుతాడని మా మనవడి పందెం. తెలుగు నటుల్లో ఆ అవార్డు మొదట అందుకున్నది అతనే. కానీ అదే పాత్రకు రెండోసారి ఇస్తారని నాకు నమ్మకం లేదు.

2025 సినిమాల్లో ‘కోర్ట్’ను గుర్తుపెట్టుకోండి. పోక్సో చట్టం కింద ఇరికించిన కుర్రాడి కథ. మంగపతిగా శివాజీని చూస్తే పిల్లలు భయపడ్డారు, పెద్దలకు ఎవరో తెలిసినాయన గుర్తొచ్చాడు. రష్మిక ‘ది గర్ల్‌ఫ్రెండ్’ కూడా పోటీలో నిలిచేదే. శేఖర్ కమ్ముల ‘కుబేర’ తెలుగులోనూ తమిళంలోనూ తీసిన సినిమా, ఏ భాష పేరిట పంపుతారన్నది చూడాలి.

రాష్ట్ర అవార్డుల సంగతి రెండు ముక్కల్లో. 1964లో మొదలైన నంది అవార్డులు 2016 చిత్రాల దాకా ప్రకటించి ఆగిపోయాయి. తెలంగాణ గద్దర్ అవార్డులు 2025 జూన్‌లో ఇచ్చారు. 2024కు మొదటి ఉత్తమ చిత్రం ‘కల్కి’, రెండోది ‘పొట్టేల్’, మూడోది ‘లక్కీ భాస్కర్’, ఉత్తమ నటి మన నివేదాయే. తమిళనాడు అవార్డులు తమిళ చిత్రాలకు, కర్ణాటకవి ప్రధానంగా కన్నడకు. ఆస్కారుకు మన దేశం తరఫున వెళ్ళిన తెలుగు చిత్రం ‘స్వాతిముత్యం’ ఒక్కటే. ‘ఆర్ఆర్ఆర్’ను దేశం పంపలేదు, 2022లో గుజరాతీ ‘ఛెల్లో షో’ను ఎంచారు. ‘నాటు నాటు’ సొంత దారిలో వెళ్ళి గెలిచింది.

అంటే హోసూరులోనో, సోలాపూరులోనో, రాయగడలోనో ఒక కుర్రాడు మన ఇంటి తెలుగులో సినిమా తీస్తే అతనికి నికరంగా తెరిచి ఉన్న తలుపు జాతీయ అవార్డే. మన తెలుగులో తమిళం, కన్నడం, ఒడియా కలిసిపోయాయి, దాన్ని ఎవరు తెలుగంటారని మన పిల్లలే అంటుంటారు. యాస మీద నిషేధం ఏమీ లేదు. 36వ పురస్కారాల్లో అర్చనకు ఉత్తమ నటి తెచ్చిన ‘దాసి’ తెలంగాణ మాటతో నడిచింది. ఆంధ్ర–కర్ణాటక సరిహద్దు పల్లె మాటతో 2021లో ‘సినిమా బండి’ వచ్చింది. ఆటోలో దొరికిన కెమెరాతో ఊరివాళ్ళే సినిమా తీసే కథ అది, మీ ఇంట్లో ఇంకా చూడకపోతే చూడండి. మొన్నటి 71వ జాబితాలో అస్సాంలో కొద్ది వేలమంది మాట్లాడే తాయ్ ఫాకే భాషా చిత్రానికి కూడా అవార్డు ఉంది. ఆ లెక్కన మన తెలుగు చిన్నదేమీ కాదు.

మా సంఘం కుర్రాళ్ళు ముగ్గురు ఇప్పుడు అలాంటి స్క్రిప్టు ఒకటి రాస్తున్నారు. వారికి నేను చెప్పింది ఇదే. హాలు దొరక్కపోయినా దిగులు పడొద్దు. ‘కలర్ ఫోటో’ నేరుగా ఓటీటీలో వచ్చి కూడా 2020 ఉత్తమ తెలుగు చిత్రం అయింది, సర్టిఫికెట్టు ఉండటం వల్లే. సెన్సారు ప్రాంతీయ కార్యాలయాలు చెన్నైలో, బెంగళూరులో, ముంబైలో, కటక్‌లో ఉన్నాయి. దరఖాస్తు ఈ-సినీప్రమాణ్‌లో ఆన్‌లైన్‌లోనే. జ్యూరీలో తెలుగు రానివారు ఉంటారు కాబట్టి ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళకు ముందే డబ్బు తీసి పెట్టుకోవాలి. డిసెంబరులో పని ముగిస్తే సర్టిఫికెట్టు ఆ నెలాఖరు లోపల తీసుకోవడమా, జనవరికి ఆగడమా అన్నది కూర్చుని ఆలోచించుకోవాలి. ఆ రెండు వారాల తేడాతో పోటీపడే సినిమాలే మారిపోతాయి.